పక్క గేటు నుంచి వచ్చిన గొడ్లావిడ

మాకు మాంసం ఇచ్చే గొడ్లావిడ చనిపోయింది. మొన్న మంగళవారం పొద్దున నేను పెరట్లో గోంగూర తుంచుతుంటే కోడలు ఫోను పట్టుకుని వచ్చి, "అత్తయ్యా, కాసేపు కూర్చోండి" అంది. కూర్చోమన్నారంటే ఎవరో పోయారని తెలిసే వయసు నాది. "ఎవరు?" అన్నాను. "మన గొడ్లావిడండీ. వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. పోయిన వారం నిద్రలోనే పోయారట. పూడ్చిపెట్టడం కూడా అయిపోయిందట. మన ఆర్డరు మాత్రం ఆవిడ ముందే కట్ చేయించి ఉంచారట. గురువారం ఆ అమ్మాయే తెచ్చిస్తానంది."

నా ఒళ్ళో గోంగూర అలాగే ఉండిపోయింది. ఏడుపు రాలేదు. సిగ్గు వచ్చింది. ఎందుకో చెప్పుకోవాలనే ఇదంతా.

మాంసం అంటే ఏ మాంసమో ముందే చెబుతున్నాను. పెద్దమాంసం. గొడ్డు మాంసం. నేను చెబుతుంటే ల్యాప్‌టాప్‌లో కొడుతున్న కోడలు ఇక్కడ చేతులు ఆపింది. "అత్తయ్యా, ఇది మన తెలుగువాళ్ళ పత్రికలో వస్తుంది. అందరూ చదువుతారు" అంది. "అందరూ చదవాలనే చెబుతున్నా. కొట్టు" అన్నాను. నాకు చదువు రాదు. రాయడం రాదు. నోరుంది. ఆ నోటితోనే ఒక తప్పు చేశాను కాబట్టి ఆ నోటితోనే చెప్పాలి.

మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. ఆయన పోయాక అబ్బాయి దగ్గరికి ఆస్ట్రేలియాలో ఈ పెర్త్ వచ్చేశాను. ఇక్కడ కానింగ్ వేల్‌లో ఉంటున్నాం. వచ్చిన కొత్తలో అబ్బాయి సూపర్‌మార్కెట్ నుంచి మాంసం తెచ్చేవాడు. ప్లాస్టిక్ తట్టలో నాలుగు ముక్కలు, పైన బిగించిన పల్చటి కాగితం, అడుగున నెత్తురు పీల్చడానికి ఒక గుడ్డ పేలిక. ఎముక ఉండదు. పొయ్యి మీద పెడితే నీళ్ళు ఊరేవి, వాసన మాత్రం వచ్చేది కాదు. "ఒరే, నాలుక ఏది? తోక ఏది? ఈ దేశంలో గొడ్లకి కాళ్ళుండవా?" అని అడిగాను. "మాంసం మాంసమే కదమ్మా" అన్నాడు. "ఇది ఎక్కడ మేసిందో ఎవరు పెంచారో చెప్పు, తింటాను" అన్నాను. వాడు తట్ట తిప్పి వెనక ఉన్న అక్షరాలు చదివాడు. అందులో బరువుంది, తారీకుంది. పెంచిన మనిషి లేదు.

నేను పెరిగిన చోట అలా కాదు. మా పేటలో రెండు నెలలకోసారి నాలుగైదు ఇళ్ళవాళ్ళు కలిసి ఒక గొడ్డుని కొనేవాళ్ళు. కోశాక తాటాకు చాప పరిచి పోగులు వేసేవాళ్ళు. ప్రతి పోగులోనూ ఇంత కండ, ఇంత కార్జం, ఇంత బోటి, కాస్త కొవ్వు, ఒక మూలుగ ఎముక. ఉన్నవాడికి మెత్తటిది, లేనివాడికి ఎముకలు అనే తేడా లేదు. పోగులు వేసినవాడు తన పోగుని అందరికంటే చివర తీసుకోవాలి. అందుకని వాడి చెయ్యి ఎటూ మొగ్గేది కాదు. వండగా మిగిలిన కండకి ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఆరేస్తే ఉప్పుకండ. వానాకాలమంతా అదే కూర.

ఒక ఆదివారం అబ్బాయి మమ్మల్ని ఊరికి దక్షిణంగా గంటన్నర దూరం షికారు తీసుకెళ్ళాడు. దారిలో కంచె పక్కన గొడ్లు కనపడ్డాయి. ఎర్రవి, నున్నటి ఒంటితో, మోకాటి లోతు గడ్డిలో. "కారు ఆపరా" అన్నాను. నేను పదేళ్ళ పిల్లనప్పటినుంచీ గొడ్లు కాసినదాన్ని. కంచె దగ్గర నిలబడి చూస్తుంటే ఒక పెయ్య ముందుకాలు ఆనించకుండా నిలబడి ఉంది. ఇంతలో లోపల్నుంచి నా ఈడు తెల్లావిడ ఒకామె, తల మీద పెద్ద టోపీ, కాళ్ళకి బూట్లు, చేతులూపుతూ అరుచుకుంటూ వచ్చింది. కంచె ముట్టుకోవద్దంటోందట, కరెంటు ఉంటుందట. నేను ఆవిడ మాట పట్టించుకోకుండా ఆ పెయ్యని చూపించి, నా కాలు ఎత్తి, గిట్ట సందులో ఏదో ఇరుక్కుందని సైగ చేశాను. ఆవిడ అరవడం ఆపింది. వెళ్ళి కాలు పట్టుకుని చూసింది. చిన్న గులకరాయి తీసి, అక్కడినుంచే నాకు ఎత్తి చూపించింది.

మాతో వచ్చిన మనవరాలిది అంతా ఇంగ్లీషే. "నానమ్మా, షీ ఈజ్ ఆస్కింగ్, హౌ డిడ్ యూ నో?" అంది.

"గొడ్డు చెప్పిందని చెప్పు" అన్నాను.

అది చెప్పింది. ఆవిడ పగలబడి నవ్వింది. ఆ రోజు మాకు రేకుల షెడ్డు కింద టీ ఇచ్చింది.

ఆవిడే మా గొడ్లావిడ. మొగుడు పోయాక నలభై గొడ్లని ఒక్కతే చూసుకునేది. ఏడాదిలో కొన్నిటిని కబేళాకి పంపించి, తెలిసిన బుచర్ చేత కోయించి, వాటాలు వేసి ఇళ్ళకి తనే తీసుకెళ్ళి ఇచ్చేది. దుకాణాలకి ఎందుకివ్వవని అబ్బాయి అడిగితే, "తినేవాళ్ళకి పొలం దారి తెలిసుండాలి" అందట. ఇంకో మాట కూడా అనేది. మేం ఎప్పుడైనా ఈ నెల ముందుగా దొరుకుతుందా అని అడిగితే, "గడ్డికి తొందర లేదు, నాకేం తొందర?" అనేది.

మేమూ, ఒక మలయాళీ కుటుంబం, ఫిలిప్పీన్స్ వాళ్ళొకరూ కలిసి ఒక గొడ్డులో వాటాలు తీసుకోవడం మొదలుపెట్టాం. మొదటిసారి ఆవిడ ఒకరికి స్టేకులు, ఒకరికి కైమా, ఎముకలన్నీ నాకు అన్నట్టు సర్దింది. నేను ఒప్పుకోలేదు. బల్ల మీద మూడు పోగులు వేసి చూపించాను. అన్నిట్లో అన్నీ. నా పోగు చివర తీసుకున్నాను. అది చూసి ఆవిడ తను కట్టిన పొట్లాలు విప్పేసింది. తర్వాత అందరికీ అలాగే సర్దింది. పోగు అనే మాట ఆవిడ నోట బాగానే పలికేది. "యువర్ పోగు, లవ్" అంటూ ఐసుపెట్టె దింపేది.

నాకు చదువు రాదని ఎవరూ చెప్పకుండానే కనిపెట్టింది. పొట్లాల మీద అక్షరాలుంటే నేను ఒక్కొక్కటీ నొక్కి చూసుకునేదాన్ని. మరుసటి నెల నుంచి మా పొట్లాల మీద బొమ్మలు వచ్చాయి. లావుపాటి నల్ల పెన్నుతో నాలుక, తోక, కాలు. కైమాకి పురుగుల్లాగా చుక్కలు పెట్టింది. కార్జం బొమ్మ చూస్తే పాత చెప్పులా ఉండేది. "ఏంటిది, నీ బూటా?" అని నేను నా కాలు చూపించి అడిగితే కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వింది. కానీ మార్చలేదు. చివరిదాకా మా ఇంట్లో కార్జం అంటే చెప్పు బొమ్మే.

ఒకసారి ఆ షెడ్డు కింద కూర్చుని మా అమ్మ సంగతి చెప్పాను. అమ్మ మా ఊరి ఆసామి ఇంట్లో గొడ్లసావిడి ఊడ్చేది. వీధి గుమ్మం మా కోసం కాదు. ఇంటి వెనక్కి తిరిగి, పెంటకుప్ప పక్కనుంచి దొడ్డి గుమ్మం దగ్గరికి వెళ్ళి, బయటే నిలబడి పిలవాలి. నాకు పదిహేనేళ్ళప్పుడు అమ్మకి జ్వరమొచ్చి నన్ను పంపింది. నేను వీధి గుమ్మంలోంచి తిన్నగా నడిచి వెళ్ళి, నట్టింట్లో నిలబడి, "ఏం పని చెయ్యాలి?" అని అడిగాను. చెంప పగిలింది. అయినా వెనక గుమ్మంలోంచి బయటికి పోలేదు, వచ్చిన గుమ్మంలోంచే పోయాను. ఆ తర్వాత మా ఇంట్లోవాళ్ళం ఎవరమూ ఆ గడప దగ్గరికి వెళ్ళలేదు. ఈ కథ నా పిల్లలకి కంఠతా వచ్చు. పొగరుగానే చెప్పుకునేదాన్ని.

మనవరాలు ముక్కముక్కా ఇంగ్లీషులో చెబుతుంటే గొడ్లావిడ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని విన్నది. చివర్న బల్ల మీద గుద్ది, "గుడ్ ఆన్ యూ!" అంది. ఇంకా ఏదో అంది. "నానమ్మా, వాళ్ళ ఇంటికి నువ్వు ఎనీ డోర్ నుంచి రావొచ్చంట. తన డోర్స్ ఏవీ ప్రాపర్‌గా క్లోజ్ అవ్వవంట" అంది మనవరాలు.

ఇప్పుడు అసలు సంగతి.

మా అబ్బాయి స్నేహితులంతా మన తెలుగువాళ్ళే. మంచి పిల్లలు. ఆఫీసుల్లో పెద్ద పనులు చేస్తారు. వాళ్ళు ఇది తినరు. అబ్బాయి వచ్చిన కొత్తలోనే చెప్పాడు. "అమ్మా, చికెన్, మటన్ అయితే ఏం కాదు. ఇది మాత్రం బయట ఎత్తకు. ఒక్కసారి తెలిస్తే మన కులం దాకా పోతారు." నేను తిట్టాను. "తినేది దాచుకునే బతుకు మా అమ్మకే లేదు, నీకెందుకురా?" అన్నాను. తిట్టాను గానీ, దాచాను. ఫ్రీజర్‌లో అడుగున పెట్టి పైన బఠాణీల సంచులు పరిచేదాన్ని. వంటింటి కిటికీలు తెరిచి సాంబ్రాణి వేసేదాన్ని.

రెండేళ్ళ కిందట ఎండాకాలం ఒక శనివారం. కోడలు నాలుగు కుటుంబాలని భోజనానికి పిలిచింది. పులిహోర, గుత్తివంకాయ, కోడి వేపుడు. పట్టుచీరలు, పిల్లలు, నవ్వులు. బయట నిప్పులు కురుస్తున్నాయి. గొడ్లావిడ మామూలుగా గురువారాల్లో వచ్చేది. ఆ నెల బుచర్ సెలవు మీద పోతున్నాడని ముందే కోసిచ్చాడట. ఆవిడ ఫోన్ చేస్తూనే ఉందట. ఫోను వంటింట్లో ఎక్కడో గిన్నెల మధ్య ఉంది. ఎవరూ వినలేదు.

తలుపు తట్టిన చప్పుడైతే ఇంకో కుటుంబం వచ్చిందనుకుని నేనే వెళ్ళాను. జాలీ తలుపు అవతల గొడ్లావిడ. మొహం కందగడ్డలా ఉంది. రెండు చేతుల్లో నీలం ఐసుపెట్టె, మూత మీద చెప్పు బొమ్మ వేసిన పొట్లం ఒకటి, లోపల పట్టలేదేమో. నన్ను చూసి మొహమంతా నవ్వయింది. "యువర్ పోగు, లవ్!" అంది.

నా వెనక గదిలో మాటలు ఆగాయి. నాకు వచ్చిన ఇంగ్లీషు ముక్కలు పదో పదిహేనో. పక్కింటి పార్సిళ్ళు మా ఇంటికి వస్తే చెప్పడానికి మనవరాలు నేర్పిన ముక్క ఒకటుంది. అది నోట్లోంచి వచ్చింది.

"రాంగ్ హౌస్."

ఆవిడకి అర్థం కాలేదు. ఇంకా నవ్వుతూనే ఉంది. నేను మళ్ళీ అన్నాను. గట్టిగా, అందరికీ వినపడేలాగా. "నో. రాంగ్ హౌస్."

అప్పుడు నా భుజం మీదుగా లోపలికి చూసింది. చీరలు చూసింది, బల్ల చూసింది. మళ్ళీ నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉంటే ఈ రోజు నాకు ఇంత బరువుండేది కాదు. "సారీ, లవ్. మై మిస్టేక్" అని, పెట్టెని మోకాలి మీద ఒకసారి ఆనించుకుని, తిరిగి నడిచింది. ఆవిడకి కుడి మోకాలు పట్టేసేది. ఒక్కో అడుగూ పక్కకి ఒరిగి వేసుకుంటూ తన బండి దాకా వెళ్ళడం నేను జాలీలోంచి చూస్తూ నిలబడ్డాను.

"ఎవరు ఆంటీ?" అని అడిగింది వచ్చినవాళ్ళలో ఒకమ్మాయి.

"ఎవరోనమ్మా. పక్కింటికట."

"అయ్యో, పెద్దావిడ. ఈ ఎండలో అంత బరువా? మంచినీళ్ళైనా ఇవ్వాల్సింది ఆంటీ."

నేను ఎవరి నోటికి భయపడ్డానో ఆ నోటి నుంచి వచ్చిన మాట అది.

అందరూ వెళ్ళాక చెత్త పారెయ్యడానికి ఇంటి పక్క సందులోకి వెళితే, డబ్బాల వెనక నీడలో ఐసుపెట్టె ఉంది. పైన తడిపిన గోనెసంచి కప్పి ఉంది. ఎప్పుడు తెచ్చిందో, సందు చివర ఎంతసేపు బండి ఆపుకుని ఉందో నాకు తెలియదు. అబ్బాయి వచ్చి చూశాడు. "ఎందుకమ్మా అలా అన్నావు?" అన్నాడు. "నువ్వే కదరా దాచమన్నది!" అని లేచాను. "కూర దాచమన్నాను. మనిషిని కాదనమన్నానా?" అన్నాడు.

మరుసటి నెల ఆవిడ గురువారమే వచ్చింది. ఇంట్లో చుట్టాలు లేరు. వీధిలో మనిషి లేడు. బండి దిగి, ముందు గుమ్మం వైపు రెండడుగులు వేసి ఆగింది. గడ్డంతో పక్క గేటు చూపించింది. "బెటర్ హియర్, లవ్?" అని అడిగింది. ఎగతాళి కాదు, దెప్పడం కాదు. నాకు ఎలా వీలైతే అలా చేద్దామని అడిగింది.

నేను "యెస్" అన్నాను.

రాంగ్ హౌస్ అన్నది కంగారులో వచ్చిన మాట అనుకుని నన్ను నేను క్షమించుకోగలనేమో. ఈ యెస్ అలా కాదు. నిదానంగా ఆలోచించుకుని అన్నది. మా అమ్మ కథ విన్న మనిషి ఆవిడ. బల్ల గుద్ది మెచ్చుకున్న మనిషి. దొడ్డి దారి అంటే ఏంటో నా నోటితోనే విన్నాక, నా మర్యాద కోసం ఆ దారిలోనే నడిచింది. నేను నడిపించాను.

రెండేళ్ళు. ఆ గేటు గొళ్ళెం తుప్పు పట్టి ఉంటుంది, గేటుని కాస్త పైకెత్తితే గానీ రాదు. ఆవిడ పెట్టెని ఎర్రమూత చెత్తడబ్బా మీద ఆనించి, గేటు ఎత్తి, మళ్ళీ పెట్టెని ఎత్తుకుని వచ్చేది. మా నోట్లోకి పోయే కూడు చెత్తడబ్బా మీద ఆనేది. ఆవిడకి గోంగూర కట్టలిచ్చాను. మామిడికాయ పచ్చడి ఇస్తే కారానికి మొహం ఎర్రబడినా వచ్చే నెల ఖాళీ సీసా తెచ్చి మళ్ళీ అడిగేది. పచ్చడి ఇచ్చాను. గుమ్మం ఇవ్వలేదు.

అబ్బాయే ఒకసారి అన్నాడు, "ముందు నుంచే రమ్మనమ్మా, ఎవరేమనుకుంటే ఏంటి?" అని. చెబుతాలే అన్నాను. ప్రతి నెలా గేటు దాకా వెళ్ళేదాన్ని, ఈసారి చెబుదామని. ముందు నుంచి రా అనాలంటే ఆ రోజు సంగతి ఎత్తాలి. ఎత్తాలంటే మనవరాలు మధ్యలో ఉండి నా తప్పుని ఇంగ్లీషు చెయ్యాలి. దాని ముందు చిన్నబోవడం ఇష్టం లేక వచ్చే నెల, వచ్చే నెల అనుకున్నాను. ఆసామి గడప మీద నోరు తెరిచిన దాన్ని, ముసలావిడ ముందు తెరవలేకపోయాను.

ఆ రోజు మా ఇంట్లో భోంచేసినవాళ్ళ చేతుల్లోకి కూడా ఈ పత్రిక వస్తుంది. మంచినీళ్ళు ఇవ్వాల్సింది అన్న అమ్మాయీ, నువ్వన్నది నిజం. ఆవిడ పక్కింటికి రాలేదు. మా ఇంటికే, నా కోసమే వచ్చింది. మేం తింటాం. మా అమ్మ తిన్నది, మా అమ్మమ్మ తిన్నది. ఇది తెలిసి మా ఇంటికి రావడం మానేసేవాళ్ళు మానండి. వచ్చేవాళ్ళకి పులిహోర ఎప్పుడూ ఉంటుంది. తినేవాళ్ళకి ఒక్క మాట. ఆ ప్లాస్టిక్ తట్టలు వదిలిపెట్టి, పెంచినవాళ్ళ దగ్గరికి వెళ్ళి కొనుక్కోండి. గొడ్డుని చూడండి, గడ్డిని చూడండి, మనిషి మొహం చూడండి. కానీ ఆ మనిషి మీ ఇంటికి వచ్చిన రోజు ఏ తలుపు తెరుస్తారో ముందే అనుకోండి. నాలాగా గుమ్మం ముందుకి వచ్చాక ఆలోచించకండి.

మొన్న గురువారం నేను పొద్దున్నే తలస్నానం చేశాను. ముందు తలుపు, జాలీ తలుపు రెండూ బార్లా తెరిచి, మూసుకుపోకుండా రుబ్బురోలు పొత్రం అడ్డం పెట్టాను. "ఈగలు వస్తాయండీ" అంది కోడలు. రానియ్యి అన్నాను. వాకిట్లో కుర్చీ వేయించాను, మంచి కుర్చీ, అబ్బాయి కూర్చునేది. పక్కన స్టూలు మీద టీ పెట్టించాను. ఆవిడ కూతురిని ముందు నుంచి లోపలికి తీసుకెళ్ళి, నట్టింట్లో కూర్చోబెట్టి, ఆ తర్వాతే పెట్టె తీసుకోవాలని అనుకున్నాను. మనవరాలిని పక్కనే ఉండమన్నాను. చెప్పాల్సింది అంతా చెప్పించాలని.

బండి చప్పుడైంది. లేచి నిలబడి, చీర సర్దుకుని, గుమ్మంలోకి వచ్చాను. మా ఇంటి ముందు పొద ఒకటి అడ్డం ఉంటుంది, బండి కనపడదు. మనిషి ఇటు వస్తుందని చూస్తున్నాను.

ఇంటి పక్కన గేటు గొళ్ళెం చప్పుడైంది.

నా కాళ్ళకి చేతనైనంత వేగంగా ఇంట్లోంచి తిరిగి సందులోకి వెళ్ళాను. ఆ అమ్మాయికి యాభై ఏళ్ళుంటాయేమో, అదే మొహం, అదే నడక. పెట్టె అప్పటికే నీడలో దించింది. చేతిలో మడతలు పడ్డ కాగితం ఒకటి ఉంది. నా మొహం చూసి కంగారుపడి, తప్పు చోటికి వచ్చానా అన్నట్టు కాగితం నాకు చూపించింది. అదే లావుపాటి నల్ల పెన్నుతో గొడ్లావిడ గీసిన మా ఇల్లు. ముందు తలుపు మీద ఒక అడ్డగీత. పక్కనుంచి బాణం గుర్తు, రెండు డబ్బాలు, గేటు. గేటు లోపల చీర కట్టుకున్న చిన్న మనిషి, చేతిలో సీసా.

"వాళ్ళ మమ్ ఎప్పుడూ చెప్పేదంట నానమ్మా," అంది మనవరాలు, ఈసారి తెలుగులోనే, నెమ్మదిగా. "ముందు తలుపు కొట్టొద్దని. ఈ ఇంటి లేడీకి ఇదే ఇష్టమని."

నేను ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని ముందుకి లాగాను. ఆమె నా చెయ్యి నిమిరి, బండిలో ఇంకా పెట్టెలున్నాయని, ఎండ ఎక్కుతోందని ఏదో చెప్పి, వచ్చిన గేటులోంచే వెళ్ళిపోయింది. వెళ్ళేముందు గేటుని కాస్త పైకెత్తి మూసింది. అది కూడా వాళ్ళమ్మ చెప్పే ఉంటుంది.

కాగితం మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. ఇంట్లోంచి ముందుకి వచ్చేసరికి తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. వాకిట్లో కుర్చీ వీధి వైపు తిరిగి ఉంది. టీ మీద మీగడ కట్టింది.